గొడుగు పిల్ల ఆఖరి కథ

2009 జూన్ 12. వంట చేశాను, బొగ్గు మరకల బట్టలు ఉతికాను. బియ్యం ఏరడం మానేసి పొద్దున్నే టీవీ చూశాను.

జపాన్ బొమ్మల సీరియల్‌లో ఎండలోనూ గొడుగేసుకొని రోజుకో దొంగను పట్టే పిల్లంటే నాకు ప్రాణం. కాకపోతే దొంగెవరో సగంలోనే తెలిసిపోతుంది.

ఆ సగమూ నాకు దక్కనివ్వడు మా ఆయన. బొగ్గు గనిలో నైట్ షిఫ్టు దిగి పొద్దున చూసేసి, సాయంత్రం అదే మళ్లీ వచ్చేటప్పుడు దొంగ పేరు చెప్పి నవ్వుతాడు.

ఈ వారం ఆయనది పొద్దున్నే పోయే ఫస్ట్ షిఫ్టు. ఇవాళ ఆఖరి కథ. సాయంత్రం అది మళ్లీ వచ్చే ముందు ఆయనే అడిగాడు.

"రమా, పొద్దున చూసినవా? చెప్పకే, నీకు దండం పెడత!"

"దొంగ వంటామెనేనయ్యా," అన్నాను.

"థూ! గిదొక కథనా?" అంటూ చెప్పులేసుకొని బజారుకు పోయాడు.

తలుపేసి మళ్లీ చూశాను. దొంగ వంటామె కాదు. చివరిదాకా దొంగెవరో తెలియని కథ ఆ సీరియల్ మొత్తంలో ఇదొక్కటే.

ఆయన బాకీ తీర్చేశాను.