కంపెనీ పరుపు

పుదుచ్చేరి ఒర్లియంపేట మొత్తం మీద నల్లి లేని ఇల్లు మాదొక్కటేనని ఇంటి యజమాని పట్టాభిరామన్‌గారికి గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను.

చెబుతుండగానే నా కాలరు మీద నుంచి ఒకటి తాపీగా దిగి, ఆయన చొక్కా ఎంత దూరముందో చూసుకుంది.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"యాణ్ణించి వచ్చినాయిరా ఇవి?"

నేను మిద్దె మీద గది వైపు చూశానంతే.

ఆ గదిలోకి రాసాత్తి అవ్వ వచ్చి నెలైంది. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, ఒక మూట. అంతే ఆమె సంసారం. ఒంటరి ముసలామెకు గది ఇవ్వడానికి నాలుగు వీధుల్లో ఎవరూ ఒప్పుకోకపోతే పట్టాభిరామన్‌గారే జాలిపడి ఇచ్చారు. ఎవరూ లేరా అని మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆయన కూడా మిద్దె వైపు చూశారు. ఒకటో తేదీకి గది ఖాళీ చెయ్యాలని ఆ సాయంత్రమే ఆమెకు కబురు వెళ్ళింది.

నిజానికి నల్లుల పుట్టినిల్లు నా పరుపు.

అవ్వ రావడానికి మూడు వారాల ముందు, కాలేజీ నుంచి వస్తుంటే గోరిమేడు రోడ్డు పక్కన దొరికింది. నీలం చారలది. చిరుగు లేదు, మరక లేదు. పక్కన నాలుగు బంతిపూలు, గుప్పెడు బొరుగులు పడి ఉన్నాయి. ఎవరో బొరుగులు తింటూ కూర్చుని, పరుపు మర్చిపోయి వెళ్ళాడని నాకు నేనే చెప్పుకుని స్కూటర్‌కు కట్టుకొచ్చాను.

అమ్మకు మాత్రం షాపులో కొన్నానని చెప్పాను. మూలన ఎర్రదారంతో కుట్టిన తమిళ 'చె' అక్షరాన్ని కూడా చూపించాను.

"కంపెనీ గుర్తమ్మా."

అమ్మ నమ్మింది. నల్లులు కూడా కంపెనీవే అయ్యుంటాయి, అంత నాణ్యంగా పెరిగాయి. నెలన్నరకు వాటి జనాభా పుదుచ్చేరిని దాటింది. ఓటు హక్కు ఒక్కటే తక్కువ.

నేను అంతటితో ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. అవ్వ మూటలో వెయ్యి నల్లులున్నాయని కుళాయి దగ్గర చెప్పాను. టీకొట్టుకు వెళ్ళేసరికి అవి లక్షయ్యాయి. లక్ష చేసిందీ నేనే.

ఆమె గడప ముందు ఎప్పుడూ ముగ్గు ఉండేది కాదు. ఖాళీగా ఎందుకుండాలని ఒక పొద్దున ముగ్గుపిండితో ఆరు కాళ్ళ నల్లిని గీశాను, మీసాలతో సహా. ఆమె నీళ్ళు చల్లి, చేత్తో తుడిచేసింది. ఎవరు గీశారని అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కిందికి వచ్చి అమ్మతో అంది.

"ఎట్లాగూ పోతా ఉండాను గదా. పోయేలోపల మీ మంచాలు బాగుచేసి పోతానమ్మా."

అమ్మ మొహమాటంగానే సరేనంది.

మూడు రోజులు చేసింది. మంచాలు ఊడదీసి సందు సందులోనూ సలసల కాగే నీళ్ళు పోసింది. పగుళ్ళకు వేపనూనె పూసింది. మా బట్టలన్నీ అండాలో ఉడకబెట్టింది. నా పుస్తకాలను నల్ల ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టి మిద్దె మీద ఎండలో పెట్టింది. నేను చదివినదాని కంటే అవి ఎండిందే ఎక్కువ.

మూడో రోజు పరుపు వంతు వచ్చింది. ఇద్దరం కలిసి మిద్దె మీదికి మోశాం. బోర్లా తిప్పుతుంటే ఆమె చెయ్యి మూల దగ్గర ఆగింది. ఎర్రదారం మీద.

బొటనవేలితో ఆ అక్షరాన్ని తడిమింది.

"ఇది యాడిది నైనా?"

"షాపులో కొన్నాను అవ్వా. కంపెనీది."

"దీని మీద నిద్ర బాగా పడతా ఉందా?"

"నల్లులు రాకముందు బ్రహ్మాండంగా పట్టేది."

ఆమె తలాడించింది. "అయితే సరే."

ఆ తర్వాత కుట్టు కుట్టూ వెతికి, వేపనూనె రాసి, సాయంత్రం దాకా ఎండలో దాని పక్కనే కూర్చుంది.

పట్టాభిరామన్‌గారు వచ్చి, నల్లులు ఆమె తెచ్చినవేనా అని అందరి ముందూ అడిగారు. కావని ఆమె అంటే ఆయన ఉండనిచ్చేవారే. మనసులో అప్పటికే మెత్తబడి ఉన్నారు.

"మా ఇంటివే సామీ," అంది. "పిల్లోళ్ళని ఏమనొద్దు."

అమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఒకటో తేదీన ఆటో వచ్చింది. పిళ్ళైచావడిలో చెల్లెలి ఇంటి వసారాలో ఉంటానని అమ్మతో చెప్పింది. పెట్టె ఎక్కించాక మూట విప్పి, ఒక తలగడ తీసి నా చేతుల్లో పెట్టింది. నీలం చారలది.

"మా ఆయనది నైనా. నీ పరుపుకి జత. ఆయన పోయిన పొద్దు దీన్ని మాత్రం పారేయబుద్ధి కాలేదు. ఉడకబెట్టి ఎండేసినాను, దీంట్లో ఏమీ లేవు."

ఆటో కదిలింది.

అమ్మ తలగడ మూలన ఉన్న ఎర్రదారం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఆ కంపెనీ పేరేందిరా?"

ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో రాసిన పేరు సందు మలుపు దాకా కనిపించింది.

"చెల్లప్పన్ అమ్మా," అన్నాను. "నేను కొనలేదు. పక్కన బంతిపూలు, బొరుగులు ఉండె. పోయినోళ్ళ పడకని నాకు ఆ పొద్దే తెలుసు."