నలభై ఒక్క సంతకాలు

"బెల్టు పెట్టుకోండమ్మా."

డ్రైవరు మూడోసారి అనేసరికి హెర్మీనియాకి ఒళ్ళు మండింది.

స్పెయిన్‌లోని లియోన్ నుంచి సముద్రం దాకా ఒక్కరోజు విహారం. పేట మహిళా సంఘం తరఫున బస్సు మాట్లాడింది ఆవిడే. ఎప్పుడూ వచ్చే కుర్ర డ్రైవరుకి జ్వరమని బౌదీలియో అనే ఈ పెద్దాయనని పంపారు.

కొండదారి మొదలయ్యే చోట ఆయన బస్సు పక్కకి ఆపాడు. దిగి చక్రాలు తట్టి చూశాడు. మళ్ళీ ఎక్కి, ఒక్కొక్క సీటూ చూసుకుంటూ వస్తున్నాడు.

"కొత్త నార గౌను. నలిగిపోతుంది," అంది హెర్మీనియా.

"నలిగితే ఇస్త్రీ చేసుకోవచ్చమ్మా."

వంగి, పక్కన వేలాడుతున్న బెల్టు అందుకుని టక్కున బిగించేశాడు.

"ఏం పెద్దాయనా, నా నడుం కొలత కావాలా? అడిగితే నేనే చెప్పేదాన్నిగా!"

బస్సంతా గొల్లున నవ్వింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనక సీటు దగ్గరికి వెళ్ళాడు.

దారి దిగుతోంది. పొగమంచు. పాల లారీలు కూడా వాళ్ళని దాటుకుని పోతున్నాయి.

"తాతా, బస్సు నడుపుతున్నావా, మేకల్ని తోలుకెళ్తున్నావా?" వెనకనుంచి ఎవరో అరిచారు. ఇంకెవరో మేకలా అరిచారు. మళ్ళీ నవ్వులు.

ఒక మలుపులో మంచు విడిపోయింది. కింద పచ్చటి లోయ, చుక్కల్లా ఆవులు. హెర్మీనియా బెల్టు విప్పి ఫోటో కోసం లేచింది.

బస్సు పక్కకి జరిగి ఆగిపోయింది.

"కూర్చోండమ్మా."

"ఒక్క ఫోటో."

"మీరు కూర్చుంటేనే ఇది కదులుతుంది."

"నువ్వు మమ్మల్ని తిప్పడానికొచ్చావా, కాపలా కాయడానికొచ్చావా?"

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, అద్దంలో ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయాడు. పది నిమిషాలు పంతం పట్టి, చివరికి హెర్మీనియాయే కూర్చుంది.

లువార్కా రేవు చేరేసరికి వాళ్ళు ఎక్కాల్సిన విహార పడవ వెళ్ళిపోతోంది.

పుట్టి బుద్ధెరిగాక పడవెక్కని హెర్మీనియా స్నేహితురాలు పల్మీరా, గట్టు మీద నిలబడి దాన్ని చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

భోజనాల దగ్గర అందరికీ వేడివేడి చిక్కుడుగింజల పులుసు వచ్చింది. డ్రైవర్ని ఎవరూ పిలవలేదు. ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె తిన్నాడు.

హెర్మీనియా బల్ల మీద పరిచిన కాగితం చింపి ఫిర్యాదు రాసింది. నత్తనడక. మొండితనం. పడవ తప్పించాడు.

కాస్త ఆగి, ఇంకో వాక్యం చేర్చింది: 'బెల్టు వంకతో ఆడవాళ్ళ ఒంటి మీద చేతులు వేస్తున్నాడు.'

పల్మీరా చదివి తలెత్తింది. "అది వద్దే. అలా ఏం జరగలేదుగా."

"లేకపోతే వాళ్ళు పట్టించుకోరే. నువ్వు పెట్టు సంతకం."

పల్మీరా పెట్టింది. నలభై ఒక్కమందీ పెట్టారు.

సాయంత్రం లియోన్‌లో దిగేటప్పుడు ఆయన తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించాడు. హెర్మీనియా ఆ చెయ్యి పట్టుకోలేదు. కాగితం తిన్నగా బస్సు కంపెనీ ఆఫీసులో ఇచ్చి ఇంటికెళ్ళింది.

ఆ వాక్యం ఆవిణ్ణి వదల్లేదు. గౌను ఇస్త్రీ చేస్తుంటే గుర్తొచ్చింది. తన కొట్లో బొత్తాలు లెక్కపెడుతుంటే గుర్తొచ్చింది. నాలుగో రోజు ఉండబట్టలేక ఆఫీసుకి వెళ్ళింది.

బల్ల వెనక నోయేలియా అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"మొన్న ఇచ్చిన కాగితంలో ఒక వాక్యం కొట్టెయ్యాలి."

"ఏదండీ?"

హెర్మీనియా వేలు పెట్టి చూపించింది. నోటితో చదవలేకపోయింది.

"ఇది నిజం కాదా?"

"కాదు."

అమ్మాయి ఆవిడ ముఖంలోకి చూసింది. కలం ఇచ్చింది. హెర్మీనియా కొట్టేసింది.

"ఆయనకి చెబుతావా?"

"ఎక్కడని చెప్పనండీ? కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. మేం ఒక్కమాట కూడా అనలేదు. తాళాలు ఇక్కడ పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. గది ఖాళీ చేశాడట. ఫోను ఎత్తడం లేదు."

హెర్మీనియా కలం కింద పెట్టింది.

"బెల్టంటే ఎందుకమ్మా ఆయనకంత పిచ్చి?"

"ఎక్కడ ఆపాడు మిమ్మల్ని? లోయ కనిపించే మలుపులోనా?"

"అవును."

"పద్దెనిమిదేళ్ళ క్రితం బడి బస్సొకటి అక్కడే బోల్తా పడిందండీ."

హెర్మీనియాకి ఊపిరి కొంచెం తేలికైంది. తప్పు ఆయనలోనూ ఉందంటే తన భారం సగం తగ్గినట్టే.

"అది నడిపింది ఈయనేనా?"

"కాదండీ. అప్పటికి ఆయనకి సైకిలు తప్ప ఇంకేదీ నడపడం రాదు. ఆ కొండ కింద ఊళ్ళో రొట్టెల బట్టీ ఉండేది. ఇది జరిగిన ఏడాదికి బట్టీ అమ్మేసి డ్రైవింగు నేర్చుకున్నాడు."

"మరి ఆయనకేం సంబంధం?"

నోయేలియా కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

"ఆ పొద్దున ఆరేళ్ళ కూతుర్ని ఆ బస్సెక్కించి, 'నాన్నా, బెల్టు పడటం లేదు' అని పిల్ల పిలుస్తున్నా, మిగతావాళ్ళకి ఆలస్యమవుతుందని దిగిపోయిన తండ్రండీ ఆయన."