బల్ల రొట్టె

ఆ ఆదివారం తెల్లవారేసరికి మబ్బు కొండ మీదికి వచ్చి కూర్చుంది. కురవదు, పోదు. ఆ మసక వెలుతురులోనే గ్రేసీ కొంగుచాటున టిఫిన్ బాక్సు పెట్టుకుని చర్చి సంఘ పెద్ద సుబ్రమణ్యం ఇంటి ముందు నిలబడింది.

“ఏందది?” అన్నాడు సుబ్రమణ్యం, నోట్లోని వేపపుల్ల తీయకుండానే.

“రాగి రొట్టెన్నా. ఒకటే. ఈపొద్దు బల్లలో మా నిస్సీకి ఇది ఇచ్చేటట్టు అయ్యగారికి ఒక మాట చెప్పన్నా. గోదుమ పడదు గదా దానికి.”

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తిరుపతి డాక్టరు పాలు, గోధుమ రెండూ కొట్టేశాడు. గోధుమ రవ్వంత పడినా పేగు పుండవుతుందన్నాడు. ఇంట్లో దాంతో బాధ లేదు. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, పెరుగు బదులు చింతపండు చారు. ఉన్నవాటితోనే పిల్ల ఒళ్ళు చేసింది. బాధంతా నెలకోసారి, పుత్తూరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి, రొట్టె విరిచి ప్రభువు బల్ల ఇచ్చే మొదటి ఆదివారమే. బాప్తిస్మం తీసుకున్నాక రెండుసార్లు రొట్టె పళ్ళెం ముందుకొస్తే నిస్సీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల తీసుకోని మనిషి లోపల ఏదో పాపం దాచుకున్నట్టు లెక్క. గోధుమ పడకపోవడం ఒట్టి సాకు అని ఊళ్ళో సగం మంది నమ్మకం. పదహారేళ్ళ పిల్ల దాచుకునే పాపం ఏమిటో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

సుబ్రమణ్యం పుల్ల తీసి ఉమ్మేశాడు.

“సూడు గ్రేసమ్మా. రాగులు మన కడుపుకు. బల్ల మీదికి కాదు. ప్రభువు విరిచింది గోదుమ రొట్టె. మా యమ్మ నలభై ఏండ్లుగా చేస్తా ఉండేది అదే రొట్టె. నీళ్ళు పోసుకుని, ఉపాసంతో, తలుపేసుకుని చేస్తాది. దానికి పెనం గూడా వేరే. నా పెండ్లాన్ని గూడా ఆ పొయ్యికాడికి రానీదు. ఆ గోదుమ రుచి నా నాలిక్కి తెలీదా? ఈపొద్దు నీకోసరం మారిస్తే, రేపు ఇంకొకడు నాకు షుగరు, కొర్ర రొట్టె కావాలంటాడు. ఇంకొకడు ఇడ్లీ పెట్టమంటాడు!”

తన మాటకు తానే నవ్వుకున్నాడు.

“పేగన్నా. పిల్ల పేగు.”

“విశ్వాసం ఉంటే ఏమీ కాదు, పో.”

వంటింటి గడప దగ్గర ఆనందమ్మ పిండి చేతులు కడుక్కుంటోంది. గ్రేసీ ఆమె వైపు తిరిగింది.

“నువ్వన్నా చెప్పవ్వా నీ కొడుక్కి.”

ముసలామె నోరు తెరిచింది. కొడుకు ముఖం చూసి మూసుకుంది. గ్రేసీ బాక్సు పట్టుకుని వెనుదిరిగితే, తడి చేతులతోనే నాలుగడుగులు ఆమె వెంట నడిచింది. ఇంతలో ఇంట్లోంచి కేక.

“మా! రొట్టెలు గుడ్డలో చుట్టినావా లేదా?”

ఆనందమ్మ అక్కడే ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నిస్సీ తెల్ల పావడా వేసుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉంది.

“ఒప్పుకోలేదు గదా?”

గ్రేసీ బాక్సు గూట్లో పెట్టింది.

“అయితే నేనీపొద్దు తింటా.”

“తిని? మళ్ళా పది దినాలు ఆసుపత్రిలో పండుకుంటావా?”

“పండుకుంటా. కడుపునొప్పికి ఆసుపత్రి ఉండాది మా. ఈళ్ళ నోళ్ళకు యాడుండాది?”

గ్రేసీ బైబిలు చేతిలోకి తీసుకుని గడప దాటింది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది. దీనికి ఏ కట్టూ లేదు.

చర్చిలో ఆడవాళ్ళ చాప నిండింది. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే ఆనందమ్మ, ఆ పొద్దు వెనక్కి వచ్చి తల్లీకూతుళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఏదో చెప్పబోయింది. పాట మొదలైంది. పాట కాగానే ప్రార్థన. ప్రార్థన కాగానే అయ్యగారు రొట్టె విరిచారు.

పళ్ళెం సుబ్రమణ్యం చేతిలో ఉంది. వరుస వెంట వస్తూ ఉంది. అందరూ వేలిగోరంత ముక్క తీసి అరచేతిలో పెట్టుకుంటున్నారు. నిస్సీ చెయ్యి చాపింది. గ్రేసీ ముసలామె ఒడి మీదుగా వంగి ఆ మణికట్టు పట్టుకుంది. పిల్ల విదిలించుకుంది. పక్క వరుసలో ఒకామె మెడ తిప్పి చూసింది.

అప్పుడు ఆనందమ్మే పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి, నిస్సీ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“తీసుకో బిడ్డా.”

సుబ్రమణ్యం మెచ్చుకోలుగా తల ఊపి ముందుకు సాగాడు.

గ్రేసీ ఒళ్ళు మండిపోయింది. కొడుకంటే మొగోడు, పెద్దరికం. నలుగురు బిడ్డల్ని కన్న ఈమెకేమైంది? లేచి అరుద్దామనుకుంది. బల్ల జరిగేటప్పుడు ఎవరూ లేవరు.

అయ్యగారు చెయ్యెత్తారు. అందరూ ఒక్కసారే నోట్లో వేసుకున్నారు. ఎనభై మంది మనుషులు, ఒక్క మాట లేదు. రేకుల మీద వాన ఇంకా పడలేదు. నిస్సీ కళ్ళు మూసుకుని నములుతోంది. గ్రేసీ తన ముక్క ఎప్పుడు మింగిందో ఆమెకే తెలియదు. కూతురి గొంతు కదలడమే చూస్తూ కూర్చుంది. ఆ ముక్క దిగింది. ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దంలో ఆనందమ్మ నెమ్మదిగా వంగి, గ్రేసీ చెవి దగ్గర నోరు పెట్టింది.

“బయపడొద్దు. నేను మొదలుపెట్టిన దినాల్లో గోదుమపిండి కొనే తాహతు మాకు యాడిది? ఆపొద్దు నుంచి ఈపొద్దు దాకా అది కోటా బియ్యప్పిండే... మా వోడికి మాత్రం చెప్పొద్దు, వాడి విశ్వాసం పోతాది.”