ముసలమ్మ కాటా ఎక్కింది

కాటా ముల్లు ఆగిన చోటు చూసి గాలాలతో చేపలు పట్టేవాళ్ల సంఘమంతా ముందుకి తోసుకొచ్చింది. దర్జీ మాత్రం ముల్లు వైపు చూడలేదు. పక్కన నిలబడ్డ బావ మొహంలోకి చూశాడు.

బావ అంటే చెల్లెలి మొగుడు. రిజర్వాయరు గట్టు మీద పంపుహౌస్‌లో మోటార్లు చూస్తాడు, అక్కడే క్వార్టర్స్‌లో కాపురం, పెరటి మెట్లు దిగితే నీళ్లే. నిన్నమొన్నటిదాకా గాలానికి ఎర గుచ్చడం కూడా చేతకాని మనిషి. దారానికి ముడి వెయ్యడం దగ్గర్నుంచి దర్జీయే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. అలాంటివాడు ఇవాళ ముసలమ్మను పట్టుకొచ్చాడు.

రిజర్వాయరులోని ఆ పెద్ద చేపను అందరూ ముసలమ్మ అనే అంటారు. అది ఎప్పట్నుంచి ఉందో చెప్పగలిగినవాడు లేడు. దానికోసం దర్జీ పడని పాట్లు లేవు. ఏ గాలికి ఎటు తిరుగుతుంది, ఏ ఎండకి ఏ లోతుకు దిగుతుంది, కుట్టుమిషను ముందు కూర్చున్నా అదే ధ్యాస. ఓసారి గాలానికి తగిలినట్టే తగిలి దారం తెంపుకుని పోయింది. ఆ రోజు దర్జీ కుట్టిన చొక్కాకి రెండూ ఎడమ చేతులేనని జనం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

సంఘం గదిలో గోడ మీద ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అందరికంటే పెద్ద చేప పట్టినవాడి ఫొటో. ఇన్నేళ్లుగా అది దర్జీదే. చేపలు పట్టడమంతా అదృష్టమేనని ఎవరైనా అంటే చాలు, వాళ్లను రెక్క పట్టుకుని ఆ ఫొటో ముందుకు తీసుకెళ్లేవాడు. అదృష్టం చుట్టపుచూపుగా వస్తుంది, పనితనం ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది అనేవాడు. ఆ మాట మీదే అతను బతికాడు. ఇప్పుడు ఆ ఫొటో దిగిపోతుంది. సంఘం పెద్ద గనక, దించాల్సింది కూడా తనే.

అయినా ఫొటో కంటే ఎక్కువగా అతన్ని కాల్చింది ఇంకొకటి. ముసలమ్మ కోసం ఆదివారం ఇద్దరం కలిసే వెళ్దామని బావ మాట ఇచ్చాడు. ఆదివారం రాకముందే చెప్పాపెట్టకుండా ఒక్కడే వెళ్లాడు.

వల వేశాడేమోనని దర్జీ చేప నోరు తెరిచి చూశాడు. గాలం పెదవిలో బుద్ధిగా దిగి ఉంది. ఒంటి మీద వల గీత ఒక్కటి లేదు, ఒక్క పొలుసు రాలలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

“ఎక్కడ పట్టావు బావా?”

“మా మెట్ల దగ్గరే.”

“ఎంత లోతులో?”

“మోకాలి లోతు ఉంటుందేమో.”

“ఎర ఏం పెట్టావు?”

బావ తల గోక్కున్నాడు. “అన్నం ముద్ద.”

గదంతా గొల్లుమంది. నక్క తోక తొక్కి వచ్చాడన్నాడు సైకిలు షాపాయన. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాడని ఇంకొకాయన అందుకున్నాడు. బావ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు గానీ దర్జీ కళ్లలోకి మాత్రం చూడలేదు.

ఆ మెట్ల వైపు దర్జీ ఏనాడూ గాలం వెయ్యలేదు. అంట్లు తోముకునే నీళ్లలో పెద్ద చేపేమిటి? మనిషి నీడ పడితే అడుక్కి పారిపోయే ముసలమ్మ, పెంపుడు కోడిలా మెట్ల దాకా వచ్చి అన్నం ముద్ద తిన్నదా? తను నేర్చిన విద్యంతా ఇంతేనా? బావే కాదు, ఆ నీళ్లు కూడా తనను నమ్మించి గొంతు కోశాయనిపించింది.

రికార్డు ఖాయమని ఒక్క ముక్కలో చెప్పి, ఫొటో తన చేత్తోనే దించి, గోడకి తిప్పి పెట్టి బయటికి నడిచాడు. బావ వెనక నుంచి పిలిచాడు. దర్జీ ఆగలేదు.

కాళ్లు వాటంతటవే పంపుహౌస్ వైపు లాక్కెళ్లాయి. లోకంలో తన పక్షాన ఒక్కరైనా ఉన్నారంటే అది చెల్లెలే. చిన్నప్పుడు తనకి దెబ్బ తగిలితే తనకంటే ముందు ఏడ్చేది.

ఇవాళా ఏడుస్తోంది. పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగించిన జాడ లేదు. కళ్లు వాచిపోయాయి. పక్కన అంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. దర్జీకి తన బాధ సగం తగ్గినట్టయింది. తనకి జరిగిన అన్యాయం అర్థమైన మనిషి ఒకరున్నారు మరి.

పక్కనే కూర్చుని తల నిమిరాడు. ఫొటో ఎన్నాళ్లుంటుంది, పోతే పోయిందన్నాడు. నా కోసం మొగుడితో గొడవ పెట్టుకోకు, కాపురం నీది అన్నాడు.

“మాట ఇచ్చి తప్పాడని కోపం ఉంది, కాదనను. కానీ వాడికి అదృష్టం కలిసొస్తే ఎవరేం చేస్తారు? నాకు జరిగిన మోసానికి నువ్వు కుమిలిపోవడం ఎందుకమ్మా?”

చెల్లెలు నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

“రోజూ నా చేతిలో మెతుకులు తిని పోయేదన్నయ్యా, ఒక్కసారి కళ్లారా చూస్తానని ఆయన బతిమాలితే నేనే పిలిచాను.”