ఉప్పు చూసే ఆవిడ

"పెద్దక్కా, ఆ కొత్తావిడ నా డబ్బాలో అన్నం తింటోంది!"

గరిటె తిప్పుతున్న పెద్దక్క చెయ్యి ఆగిపోయింది.

బడి వంటింటికి పెద్ద వంటావిడ పెద్దక్క. పిల్లలకీ, టీచర్లకీ, ఆఖరికి హెడ్మాస్టరుకీ కూడా పెద్దక్కే. తన మాటకి ఎదురు లేదు, తన వంటకి వంక లేదు. ఆ సంగతి తనే అందరికీ చెప్పుకుంటుంది కూడా.

ఫిర్యాదు చేసింది రెండో తరగతి పాప. ఆ పిల్లకి పల్లీ పడదు. చిన్న పలుకు లోపలికి పోయినా గొంతు వాచిపోయి ఊపిరాడదు. అందుకే ఆ వంటింట్లోకి పల్లీ గింజని రానివ్వరు. అయినా భయం కొద్దీ పాపకి వేరే గిన్నె, వేరే గరిటె, వేరే ఆకుపచ్చ డబ్బా.

"ఎప్పుడు తింటోందే?"

"రోజూ! గోడవైపు తిరిగి, మాస్కు దించి, ఒక స్పూను తిని అప్పుడు నాకిస్తుంది."

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

కొత్తావిడ వడ్డనకి చేరి నెల కూడా కాలేదు. ఆకుపచ్చ డబ్బా తను చూసుకుంటానని అడిగి మరీ తీసుకుంది. పొయ్యి వేడికి అందరూ మాస్కులు గడ్డం కిందికి దించుకుంటారు, కొత్తావిడ మాత్రం దించదు. "ముఖం చూపిస్తే అరిగిపోతుందా తల్లీ?" అని పెద్దక్క ఎన్నోసార్లు ఎకసెక్కమాడింది కూడా.

ఇప్పుడు అర్థమైంది. నోరు కనపడకపోతే నమిలేది ఎవరికి తెలుస్తుంది!

భోజనాల గంట కొట్టగానే పెద్దక్క బియ్యం బస్తాల వెనక నక్కింది.

కొత్తావిడ డబ్బా నింపింది. అటూ ఇటూ చూసింది. మాస్కు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో స్పూను ఎత్తింది.

పెద్దక్క లటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "దొరికావే దొంగా!"

స్పూను కింద పడింది.

"ఉప్పు... ఉప్పు చూస్తున్నానండీ."

"నా వంటకి నువ్వు ఉప్పు చూస్తావా? పసిపిల్ల కూడు ఎంగిలి చెయ్యడానికి చేతులెలా వచ్చాయే నీకు?"

"ఎంగిలి కాదండీ, నా స్పూను వేరు..."

"నోర్ముయ్! ఏప్రన్ విప్పి అక్కడ పెట్టు. బయటికి నడు."

కొత్తావిడ ఏప్రన్ విప్పింది. అడుగు మాత్రం కదపలేదు.

"వెళ్లిపోతానండీ. ఈ ఒక్కసారికి తిననివ్వండి. మసాలా కొత్త పొట్లం తెరిచారు కదా ఇవాళ..."

"సిగ్గుండాలి! పట్టుబడ్డాక కూడా తిండి యావేనా?"

పెద్దక్క డబ్బా తీసుకెళ్లి పాప ముందు పెట్టింది. "నువ్వు తినమ్మా. ఇక నీ జోలికి ఎవరొస్తారో చూస్తాను."

పాప మూత తీసింది. ముద్ద కలిపింది. నోటి దాకా తెచ్చింది.

అంతే, కొత్తావిడ ఒక్క ఉరుకున వచ్చిపడింది. మాస్కు లాగి పారేసి, పాప చేతిలో ముద్ద లాక్కుని తన నోట్లో పెట్టేసుకుంది.

భోజనాల గది మొత్తం బిత్తరపోయింది.

రెండుసార్లు నమిలిందో లేదో, కొత్తావిడ ముఖం పాలిపోయింది. డబ్బాని ఒక్క తోపు తోసింది. అన్నమంతా నేలపాలైంది. పాప ఘొల్లుమంది.

"పల్లీ! ఇందులో పల్లీ ఉంది! పాప చెయ్యి కడగండి!"

"నా వంటింట్లో పల్లీయా? దొంగతనం చాలక నిందలు కూడానా!"

పెద్దక్క ఆవిడ రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లి బయటికి తోసింది. కొత్తావిడ ఎదురు తిరగలేదు. "ముందు పాప చెయ్యి కడగండి, మీకు పుణ్యముంటుంది" అని ఒక్కటే మాట అంటూ పోయింది.

పెద్దక్క రొప్పుతూ తిరిగొచ్చి, అందరి ముందూ పాప గిన్నె అడుగుని వేలితో గీకి నాకింది.

"చూడండి, ఎక్కడుంది ప..."

నాలుక మీద పల్లీ రుచి!

పొద్దున తెరిచిన మసాలా పొట్లం! పాత కొట్లో సరుకు లేదంటే ఇంకో కొట్టు నుంచి తెప్పించింది తనే. ఎంగిలవుతుందని పాప గిన్నెలోది ఏనాడూ నోట పెట్టి చూడలేదు. తన వంట మీద తనకి అంత నమ్మకం మరి.

పాప చెయ్యి సబ్బు పెట్టి తోమి తోమి కడిగింది. అప్పటికే అరచేతిలో దద్దుర్లు లేచాయి. అవి అక్కడితో ఆగాయి. పాప ఊపిరి బాగానే ఉందని తేలాక, గేటు దగ్గరికి పరుగెత్తింది.

వీధి ఖాళీగా ఉంది.

కబురందుకుని పాప తల్లి ఆఫీసు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. పిల్లని ఒళ్లంతా తడిమి చూసుకుని బావురుమంది.

"ఎవరండీ ఆవిడ? ఎక్కడుంటారు? వెళ్లి కాళ్లకి దండం పెట్టుకుంటాను."

"ఏం చెప్పనమ్మా, నా నోరు పడిపోను! కొత్తావిడ కొత్తావిడ అనడమే గానీ ఇల్లెక్కడో కూడా అడగలేదు. ముఖం కూడా ఇవాళే చూశాను."

తల్లి నడుము పట్టుకుని నిలబడ్డ పాప తలెత్తింది.

"నేనూ చూశానమ్మా. ముక్కు అచ్చం నాన్న ముక్కే. ఇక్కడ పెద్ద పుట్టుమచ్చ" అంటూ తన పై పెదవి పక్కన వేలు పెట్టి చూపించింది.

తల్లి బల్ల మీద కూలబడింది.

"మీకు తెలిసినావిడేనా అమ్మా?" పెద్దక్క మెల్లగా అడిగింది.

తల్లి తలూపింది.

"దీనికి రెండేళ్లప్పుడు, 'ఒక్క ముక్కకి ఏమవుతుందే' అని పల్లీ బిస్కెట్టు తినిపించి ప్రాణం మీదికి తెచ్చిందని, మళ్లీ నా గుమ్మం తొక్కొద్దని నేను వెళ్లగొట్టిన మా అత్తగారు."