తెల్ల శిలువ వాపసు

"ఎడమ భుజం కాదండీ, కుడి భుజం! కుడి భుజం మీంచి ఎడమ నడుముకి రావాలి పట్టీ. నక్షత్రం ఎడమ రొమ్మున. అద్దంలో చూసి పెట్టుకోకండి, తారుమారవుతుంది. మీ ఆవిడ్ని పెట్టమనండి."

విబెకె ఫోను పెట్టేసింది. పొద్దుటి నుంచి ఇలాంటిది పదకొండోది. గురువారం నార్వే రాజుగారు కోపెన్‌హాగెన్ వస్తున్నారు. విందుకు వచ్చేవాళ్ళలో ఎవరు ఏ పతకం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే పని బిరుదుల కార్యాలయంలో ఆమెదే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పట్టీ కూడా తప్పు భుజం ఎక్కలేదని ఆమె ధీమా.

"అమ్మాయ్, వెనక్కి తీసుకునేది ఇక్కడేనా?"

గుమ్మంలో ఒక ముసలాయన. ఉన్ని టోపీ, పడమటి తీరపు యాస, చేతిలో చిన్న ఎర్ర పెట్టె. ఆ పెట్టె చూడగానే విబెకెకి సంగతి అర్థమైంది. గొంతు తగ్గించింది.

"ఇక్కడే. కూర్చోండి పెద్దాయనా."

"మనిషి పోతేనే తీసుకుంటారటగా?"

"అదే పద్ధతి. ఇది మన రాజుగారి సొత్తు. బతికున్నన్నాళ్ళు పెట్టుకుంటారు, పోయాక ఇంట్లోవాళ్ళు తెచ్చిస్తారు."

"అయితే తీసుకో."

ఆమె కాగితం తీసింది. "పేరు?"

"ఎస్బెన్ క్రాగ్. రక్షక పడవ నాయకుడు."

విబెకె కలం ఆగిపోయింది. "క్రాగ్ గారా! గురువారం నార్వే రాజుగారు స్వయంగా ఆయన రొమ్మున పతకం గుచ్చాల్సింది! ఇరవయ్యారేళ్ళ కిందట తుఫానులో ఏడుగురు నార్వే నావికుల్ని ఒడ్డుకు చేర్చారుగా. మూడు ఉత్తరాలు రాశాం, జవాబే లేదు. ఇదా కారణం, పాపం!"

"అందుకే పరుగెత్తుకొచ్చాను. ఆ పేరు కొట్టెయ్యి. జాబితా అచ్చుకు వెళ్ళిపోయిందా?"

"పన్నెండింటికి వెళ్తుంది."

"అమ్మయ్య!"

ఆ అమ్మయ్య విబెకెకి నచ్చలేదు. పైకి మాత్రం "మరణించిన తేదీ?" అంది.

"ఆ గడి వదిలెయ్యి. చావు కాగితం పాస్టరుగారి దగ్గర్నుంచి తర్వాత వస్తుంది. ముందు వస్తువు తీసుకో."

పెట్టె తెరిచింది. ఎర్ర అంచున్న తెల్ల శిలువ, దానికో పట్టు రిబ్బను. రిబ్బను మీద ఒక్క ముడత లేదు.

"ఎంత పదిలంగా దాచుకున్నారో!"

"పెట్టుకుంటే కదా నలగడానికి. మన రాజుగారికి కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి పెట్టుకున్నాడు. అంతే."

"నిజమైన వీరులు అంతేనండీ. ఆర్భాటం ఉండదు."

"వీరుడా!" ముసలాయన ముక్కుతో నవ్వాడు. "అలలు చూసి పడవ వెనక్కి తిప్పమన్నాడమ్మా. ఎవరూ వినకపోతే అడుగున ముడుచుకు పడుకుని ఏడ్చాడు. చుక్కాని పట్టింది లావుస్ట్. రేవులో చేపలు శుభ్రం చేసుకునే లావుస్ట్. మీవాళ్ళు వచ్చి నాయకుడెవరని అడిగారు. క్రాగ్ అన్నారు. రాసుకుపోయారు."

విబెకె ముఖం ఎర్రబడింది. "పోయినవాళ్ళ గురించి ఇలా మాట్లాడొచ్చా? పాపం, ఆయన బదులు చెప్పుకోలేరు."

"చెప్పగలిగిన రోజుల్లో మాత్రం చెప్పాడా?"

"మీకు ఆయనంటే కుళ్ళు. ఆ లావుస్ట్ మీరేనా ఏం?"

"లావుస్ట్ పోయి పదకొండేళ్ళు. ఒక్కనాడూ నోరు విప్పలేదు. 'పిల్లలు గలవాడివి, ఉంచుకో' అన్నాడు, అంతే. వాడి పెళ్ళాం ఆనె ప్రతి ఆదివారం చర్చిలో మా వెనక బల్ల మీద కూర్చుని పాడుతుంది. మంచి గొంతు. గురువారం దాన్ని కూడా పిలిచారుగా, చప్పట్లు కొట్టడానికి."

"పడవలో వెళ్ళినవాళ్ళందరి కుటుంబాల్నీ పిలిచాం."

"అదేగా నేననేది."

విబెకె కూడా ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషే. ప్రభువును మోసిన శిలువను చిన్నది చేసి మనిషి రొమ్మున గుచ్చుతున్నామన్న ఆలోచన ఆమెకు ఇంతవరకు రాలేదు. ఏ భుజమో పద్దెనిమిదేళ్ళుగా చెబుతోంది గానీ, ఎవరి భుజమో ఎప్పుడూ అడగలేదు. ఆ లెక్క పైన ఎవరైనా చూస్తున్నారా?

ఎర్ర పెన్సిలుతో జాబితాలో పేరు కొట్టేసింది. "మీ మాట నమ్మానని కాదు. ఇది బతికున్నవాళ్ళ జాబితా, అందుకని."

"ఎందుకైతేనేం, కొట్టేశావు. మరి విందులో ఆ కుర్చీ?"

"ఖాళీయే."

"ఆనెకివ్వు. దానికి తలుపు పక్కన వేశారట."

"రాజుగారికి ఎదురుగా ఉండే కుర్చీ పెద్దాయనా అది!"

"ఆ ఏడుగురిలో ముగ్గురు నార్వే రాజుగారి వెంట వస్తున్నారటగా. చుక్కాని దగ్గర ఎవరున్నారో వాళ్ళు కళ్ళారా చూశారు. అడిగి చూడు."

ఆ ధీమాకి విబెకె తగ్గింది. కొట్టేసిన పేరు పక్కన ఆనె పేరు రాసి, అచ్చుకు పంపించేసింది. తర్వాత కాగితం అతని ముందుకు తోసింది.

"తెచ్చిచ్చినవారు అన్న చోట సంతకం పెట్టండి."

ముసలాయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కుదురుగా, ఒక్కో అక్షరం దిద్ది సంతకం చేశాడు. "బతికించావమ్మా," అని లేచాడు. మెట్లు దిగుతూ ఈల వేస్తున్నాడు.

చనిపోయినవాడింట్లో మనిషి ఈల వేయడమేమిటనుకుంటూ విబెకె ముద్ర అందుకుంది. వేయబోతూ సంతకం చదివింది.

ఎస్బెన్ క్రాగ్.