తూటా కోసం

మల్సున్ పేడతట్టను మట్టిదిబ్బ మీద బోర్లించి, కాండ్రించి ఉమ్మింది.

"ఇవాళ ఒక్కరోజైనా మానరాదా పిల్దు అమ్మా? గుట్ట మీంచి ప్రాసిక్యూటరుగారు చూస్తున్నారు," అన్నాడు ఊరిపెద్ద బే.

"చూడనీ. ఈ కుక్క నా కొడుకుని కాల్చినప్పుడు ఏ దొరా చూళ్లేదుగా!"

ఆ దిబ్బ కింద పాతిపెట్టింది కానిస్టేబుల్ గూని. నిరుడు వసంతంలో తాగి, స్టేషన్ ఆయుధాల గదిలోంచి తుపాకీ, గ్రెనేడు తెచ్చి ఊరి మీద పడ్డాడు. కనబడ్డవాళ్లనల్లా కాల్చాడు. ఆఖరికి మల్సున్ ఇంట్లో జొరబడి, ఆమె కొడుకు పిల్దు రొమ్ములో రెండు తూటాలు దించి, గ్రెనేడు పొట్టకు హత్తుకుని తనను తాను పేల్చుకున్నాడు. పెరట్లో పచ్చళ్ల జాడీల చాటునుంచి మల్సున్ చూసింది. ఇల్లంతా అంటుకుంది. శవాలను పోలీసులే పెట్టెల్లో పెట్టి, మేకులు కొట్టి, పేర్లు రాసి ఇచ్చారు. తెరిచి చూడొద్దన్నారు.

ఇప్పుడు కేసు స్టేషన్ అధికారి హాన్ మీద. ఆయుధాల గదికి తాళం వేయకుండా విందుకు పోయాడన్నది నేరం. "ఆ తూటాలు మా గదివేనని చూపించండి," అని అతని వకీలు పట్టుబట్టాడు. శవపరీక్ష లేకుండానే తూటాలు మట్టిలోకి పోయాయి. సమాధి కదిలిస్తే ఇంటికి అరిష్టమని మిగతా కుటుంబాలు తలుపులేసుకున్నాయి. మల్సున్ ఒక్కతే ఒప్పుకుంది.

"కొడుకు ఎముకల్ని కోర్టులో ఆరబెడుతుందట," అంది గట్టు మీంచి పొరుగింటి ఓక్బున్.

"నువ్వు నీ మొగుడి ఎముకలు దాచుకోవే. హాన్‌గాడు ఇంకో విందుకెళ్తాడు."

మల్సున్ గుట్ట ఎక్కింది. పిల్దు సమాధి మీద గడ్డి ఆమె చేత్తో కోసిందే. గిన్నెలో బియ్యపు కల్లు తెచ్చి చుట్టూ పోసింది.

"లేపుతున్నానని తిట్టుకోకురా పిల్దూ. అమ్మకి ఒక్క తూటా ఇచ్చి మళ్లీ పడుకో."

కూలీలు తవ్వారు. బుసాన్ నుంచి వచ్చిన డాక్టరు గుంటలోకి దిగి చాలాసేపు వంగే ఉన్నాడు.

"దొరికిందా?" అన్నాడు ప్రాసిక్యూటరు.

"లేదు."

"పోనీ, తగిలిన గుర్తు?"

"రొమ్ము ఎముకల్లో ఎక్కడా లేదు."

"సరిగా వెతకండయ్యా! కళ్లారా చూశాను. రెండు. ఇక్కడ, ఇక్కడ!" మల్సున్ తన రొమ్ము బాదుకుంది. "ఆ హాన్‌గాడు తప్పించుకుంటాడు, వెతకండి!"

డాక్టరు పైకొచ్చి చేతితొడుగులు విప్పాడు. ఊరిపెద్దను చూశాడు గాని ఆమెను చూడలేదు.

"రెండు చేతులూ మోచేతుల దాకా లేవు. వెన్నుపూసలో ఇనపముక్కలున్నాయి," అన్నాడు.

"అంటే?" అంది మల్సున్.

"ఇతను గ్రెనేడును హత్తుకున్నవాడమ్మా."